నడుముకు కట్టిన పిస్తోలు

భీమునిపట్నం (భీమిలి) డచ్చి శ్మశానంలో 1660ల నాటి సమాధులున్నాయి. ఆ కాలంలో ఐరోపా ఓడల మీద తిరిగే మనుషులు వాడిన పిస్తోళ్లకు ఒక పక్క పొడవాటి ఇనప కొక్కెం బిగించి ఉండేది. తాళ్లు పట్టుకుని పైకెక్కాలన్నా, పక్క ఓడ మీదికి దూకాలన్నా రెండు చేతులూ కావాలి. అందుకని ఆ కొక్కేన్ని నడికట్టులోకి దూర్చి పిస్తోలును రొంటిన వేలాడదీసుకునేవారు. పిడి పైకి, గొట్టం తొడ వైపుకి. పేలకుండా ఆపేది లోపల చెక్కిన ఒక చిన్న గాడి మాత్రమే. చెకుముకి రాయి బిగించిన ఇనప చేతిని సగం వెనక్కి లాగి ఆ గాడిలో ఆనిస్తే అక్కడ నిలబడేది. గాడి అంచు అరిగిపోయిన పిస్తోలైతే, అది ఆ మనిషి తొడ మీదికే ఎక్కుపెట్టి ఉన్నట్టు లెక్క.

డచ్చివాళ్లు 1825లో భీమిలిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లిపోయారు. మరో పదకొండేళ్లకు అమెరికాలో శామ్యూల్ కోల్ట్ రివాల్వర్‌కు పేటెంటు తీసుకున్నాడు. పిస్తోలు పేల్చే వేగం పెరిగింది గాని రొంటిన ఉన్న ప్రమాదం తగ్గలేదు. 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్‌లో ఆరు తూటాలు పడతాయి. తెలిసినవాళ్లు అయిదే నింపి, తూటాను కొట్టే హ్యామర్ కింద ఉండే గదిని ఖాళీగా వదిలేసేవారు. ఎందుకంటే హ్యామర్‌ను దించి ఉంచితే దాని ముక్కు తిన్నగా తూటా వెనకుండి దాన్ని పేల్చే ప్రైమర్ మీదే ఆని ఉంటుంది. కిలో బరువున్న రివాల్వర్ నడుము ఎత్తు నుంచి, అంటే మీటరు పైనుంచి పడితే దాదాపు 10 జౌళ్ల శక్తి వస్తుంది. ప్రైమర్ పేలడానికి ఒక్క జౌలు కూడా అక్కర్లేదు. పడటం పడటం హ్యామర్ మీదే పడిందంటే, ట్రిగ్గర్‌ను ఎవరూ తాకకుండానే తూటా పేలుతుంది.

దీనికి ఐవర్ జాన్సన్ కంపెనీ 1890లలోనే మంచి విరుగుడు తెచ్చింది. హ్యామర్‌కూ ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్‌కూ మధ్య ఖాళీ ఉంచి, ట్రిగ్గర్ నొక్కినప్పుడు మాత్రమే ఒక ఉక్కు పలక పైకి లేచి ఆ ఖాళీని పూడ్చేట్టు చేసింది. పలక లేవకపోతే దెబ్బ అందదు. రివాల్వర్‌ను సుత్తితో బాదుతున్న బొమ్మతో ప్రకటనలు కూడా వేయించింది. అయినా తక్కిన కంపెనీలు దాన్ని అందుకోవడానికి చాలా కాలం పట్టింది.

1944లో జరిగిన సంగతి ఓడరేవు ఊళ్లవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒక అమెరికన్ యుద్ధనౌకలో స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ జారి ఉక్కు డెక్కు మీద పడి పేలింది. ఒక నావికుడు చనిపోయాడు. హ్యామర్‌ను ఆపే అడ్డుముక్క అందులో లేకపోలేదు. కాని అది చిన్న స్ప్రింగు బలం మీద కదిలే రకం. జిడ్డు గట్టిపడితే ఉండాల్సిన చోటికి రాకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. ఆ తరువాత కంపెనీ ఇంజనీర్లు స్ప్రింగును నమ్ముకోకుండా, ట్రిగ్గర్ తిరిగి ముందుకు వచ్చే కదలికే అడ్డును బలవంతాన తన చోటికి తోసేట్టు మార్చారు. నా లెక్కలో ఈ యంత్రం కథలో అన్నిటికన్నా విలువైన మార్పు ఇదే.

1982లో ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ చేసిన పిస్తోలులో పక్కన తిప్పే సేఫ్టీ మీటే లేదు. ఫైరింగ్ పిన్‌కు లోపలే అడ్డు ఉంటుంది. ట్రిగ్గర్ మధ్యలో ఇంకో చిన్న నాలుక ఉంటుంది, అది కూడా నొక్కుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. అంతటితో ఈ సమస్య తీరిపోయిందనుకున్నారు. కాని 2017లో సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్తోలు ఒక కోణంలో వెనక్కి పడితే పేలుతోందని పరీక్షల్లో తేలింది. ట్రిగ్గర్ బరువే దాన్ని వెనక్కి లాక్కుపోతోంది. కంపెనీ ట్రిగ్గర్ బరువు తగ్గించి మార్చి ఇచ్చింది.

ఇన్ని అడ్డులూ ఒకటే ప్రశ్న అడుగుతాయి: ట్రిగ్గర్ కదిలిందా లేదా? కదిపింది వేలో, తాళంచెవో, చొక్కా అంచో వాటికి తెలియదు. 2008లో ప్లాక్సికో బరెస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు గ్లాక్‌ను ఒర లేకుండా ప్యాంటు నడుములో దోపుకుని న్యూయార్క్‌లో ఒక నైట్‌క్లబ్బుకు వెళ్లాడు. అది కాలు మీదుగా జారింది. పట్టుకోబోతే పేలి తొడలోంచి తూటా దూసుకుపోయింది. లైసెన్సు లేని ఆయుధం కాబట్టి జైలుకు కూడా వెళ్లాడు. మన దేశంలో 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున నటుడు గోవిందా ముంబై ఇంట్లో ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఆయన లైసెన్సు రివాల్వర్ పేలి కాల్లో తూటా దిగింది.

అందుకే పిస్తోలు పెట్టుకుని నడుముకు కట్టుకునే సంచిని కూడా ఈ యంత్రంలో ఒక భాగంగానే చూడాలంటాను. బయటికి అది బస్సు కండక్టరు సంచిలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం పిస్తోలుకు విడిగా ఒక అర ఉండాలి. డబ్బులు, తాళాలు, ఫోను అందులోకి రాకూడదు. ఆ అరలో ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రాన్ని పూర్తిగా కప్పేసే గట్టి ఒర ఉండాలి, అది కదలకుండా సంచికి కుట్టో బిగించో ఉండాలి. ఇప్పుడు ఈ ఒరలను కైడెక్స్ అనే ప్లాస్టిక్ పలకతో చేస్తున్నారు. పలకను వేడిచేసి మెత్తబడ్డాక పిస్తోలు ఆకారపు అచ్చు మీద నొక్కుతారు. చల్లారాక ట్రిగ్గర్ దగ్గర బయటి నుంచి బొటనవేలితో ఎంత గట్టిగా ఒత్తినా లోపలికి లొంగదు. ఉత్త గుడ్డ సంచి ఆ చోట లొంగిపోతుంది. అసలు తేడా అదే.

సంచి నడుము మీదే ఉండాలి. హోటల్లో కుర్చీకి తగిలించినా, కారు సీటు మీద వదిలినా దానికి యజమాని లేనట్టే. చిన్నపిల్లలున్న ఇంట్లో సోఫా మీద పెట్టడం గురించి చెప్పనక్కర్లేదు. సంచిలో పిస్తోలు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి గొట్టం ఎప్పుడూ పక్కవాళ్ల వైపే చూస్తుంటుంది. కిక్కిరిసిన బస్సులో, కల్యాణ మండపంలో ఈ మాట గుర్తుండాలి.

భీమిలి, విశాఖల ఉప్పుగాలిది ఇంకో పోరు. నడుము దగ్గర చెమట, గాలిలో ఉప్పు కలిసి ఉక్కును త్వరగా తింటాయి. తోలు ఒర ఆ తేమను పీల్చి పట్టుకుంటుంది, వానాకాలంలో బూజు పడుతుంది. పిస్తోలును రోజుల తరబడి తోలులోనే ఉంచితే, అది తోలుకు ఆనినచోట తుప్పు మచ్చలు లేస్తాయి. ఆ తుప్పూ, గట్టిపడిన నూనే లోపలి అడ్డుముక్కలకు చేరితే 1944 నాటి డెక్కు మీద జరిగిందే మళ్లీ జరగవచ్చు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేనిదే పిస్తోలు దగ్గర ఉంచుకోకూడదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారు కూడా బహిరంగ స్థలంలో పిస్తోలును ఒరలోనే, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకునే తిరగాలి. పైకి కనబడేలా తిప్పడం, ఊరేగింపుల్లో, పెళ్లిళ్లలో ఎత్తి చూపడం నేరం.

కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమంటూ తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ బరువు అర కిలో. చేతిసంచిలో పడేసుకోవచ్చన్న ధీమాను ఆ తేలికే ఇస్తుంది. దయచేసి పడేసుకోకండి. మీ ఇంట్లో తాతల నాటి లైసెన్సు రివాల్వర్ ఉంటే, హ్యామర్‌కూ తూటాకూ మధ్య అడ్డు పనిచేస్తోందో లేదో లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారు చేత చూపించండి. అది తేలేదాకా తూటాలు తీసి వేరే బీరువాలో పెట్టి తాళం వేయండి.