బాకా చెప్పే చరిత్ర

బెంగళూరులో 1809లో ఆంగ్లేయులు సైనిక స్థావరాన్ని నెలకొల్పారు. ప్రజలు దానిని ‘దండు’ అన్నారు. సేనతోపాటు బ్యాండు మేళాలూ ఈ నగరానికి వచ్చాయి. ఇక్కడి పాతసామాన్ల అంగడిలో ఒక ఇత్తడి బాకా దొరికిందనుకోండి. “రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికులు ఊదిన బాకా ఇది” అంటాడు అంగడివాడు. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడం ఎలా?

మొదట చూడవలసింది బాకా నిర్మాణం. స్వరాలు మార్చడానికి దానికి వాల్వులు ఉంటాయి. ఆంగ్లేయుల బాకాలలో అవి పైకీ కిందికీ కదులుతాయి. జర్మన్ సంప్రదాయంలో గుండ్రంగా తిరిగే వాల్వులు ఎక్కువ. అయితే పరదేశాలలో అమ్మడానికి జర్మన్లు మొదటి రకమూ చేసేవారు. కనుక ఆకారం ఒక్కటే చాలదు.

తరువాత చూడవలసినవి గుర్తులు. బాకా వెడల్పు మూతి మీద తయారుచేసినవారి పేరు, ఊరి పేరు తరచుగా చెక్కి ఉంటాయి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ పట్టణం వాద్యాల తయారీకి ప్రసిద్ధి. అక్కడ వయొలిన్ చేసేవారి సంఘం 1677లోనే ఏర్పడింది. కొన్ని వాద్యాల మీద ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఆంగ్లంలో ఉంటుంది. విదేశీ సరుకు తమ సరుకుగా చెలామణి కాకూడదని బ్రిటన్ 1887లో చట్టం చేసింది. ఆ మాటలు అప్పటినుండి వ్యాప్తిలోకి వచ్చాయి. అటువంటి బాకా సేన కోసం కాక, ఎగుమతి కోసం చేసినదై ఉండవచ్చు. ‘డి.డి.ఆర్.’ అని ఉంటే అది యుద్ధకాలపుది కానే కాదు. యుద్ధం 1945లో ముగిసింది. ఆ పేరుగల తూర్పు జర్మనీ 1949లో ఏర్పడింది.

జర్మన్ సైన్యపు సామగ్రి మీద గద్ద ముద్ర, సంవత్సరం కనిపిస్తాయి. కాని ఎక్కువ ధర కోసం దొంగ ముద్రలు వేసేవారూ ఉన్నారు. పాత ముద్ర గీతలలోనూ లోహం నల్లబడి ఉంటుంది. ఈమధ్య కొట్టిన ముద్ర లోపల ఇత్తడి కొత్తగా మెరుస్తుంది.

మరి జర్మన్ బాకా బెంగళూరుకు ఎలా వస్తుంది? హలసూరు చెరువు పక్కన మద్రాస్ శాపర్ల కేంద్రం ఉంది. ఆ దళంలో తెలుగువారూ పనిచేశారు. వారు ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో జర్మన్లతో పోరాడారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో సుబేదార్ సుబ్రమణియన్ మందుపాతర మీద పడి, తోటివారిని కాపాడి ప్రాణాలు విడిచాడు. మరణానంతరం ఆయనకు జార్జి క్రాస్ లభించింది. అటువంటి రణరంగాల నుండి ఏ సైనికుడైనా ఒక బాకా తెచ్చి ఉండవచ్చు. కాని ‘ఉండవచ్చు’ అన్నది రుజువు కాదు. ఉత్తరమో, ఛాయాచిత్రమో, సైనిక పత్రమో తోడు కావాలి.

అందుకే పాత వాద్యం దొరికితే చింతపండుతో తోమి తళతళలాడించకూడదు. అలా తోముతూ పోతే అక్షరాలు అరిగిపోతాయి. ఎవరి దగ్గర, ఎప్పుడు దొరికిందో రాసిపెట్టుకోవాలి. ఇంటి పెద్దలను అడిగి, వారు చెప్పిన వివరాలూ చేర్చాలి. అక్షరాలు అరిగిపోయి, పెద్దల జ్ఞాపకాలూ చెదిరిపోతే, ఆ బాకా ఎవరిదో చెప్పగలవారు ఇక ఉండరు.