సలాలా ఖరీఫ్

ఖరీఫ్ అనగానే మనకు దుక్కులు, నారుమళ్లు, మబ్బుకేసి చూసే రైతు గుర్తొస్తారు. అరబ్బీలో శరత్తని అర్థమున్న ఈ మాటకు ఒమన్ దక్షిణపు కొసన, ధోఫార్ తీరంలో, పొగమంచు కాలమని అర్థం. జూన్ చివర్లో అక్కడి సలాలా నగరం వెనక కొండల మీదికి సముద్రం నుంచి మంచు ఎక్కుతుంది. సెప్టెంబరు దాకా దిగదు. కొండలకు అటువైపు ఎడారి మండుతూనే ఉంటుంది. ఇటువైపు, నిన్నటిదాకా బూడిదరంగున్న వాలంతా పచ్చిక.

ఈ పచ్చదనానికి పుట్టిల్లు సముద్రం లోతు. మన పొలాలకు వాన మోసుకొచ్చే నైరుతి గాలే ధోఫార్ తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. గాలి ఎటు వీస్తే నీరూ అటే పోవాలనుకుంటాం. పోదు. భూమి తిరుగుడు వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు మొత్తంమీద గాలికి కుడివైపు జరుగుతుందని స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ 1905లో లెక్కగట్టి చూపాడు. ఇక్కడ కుడివైపంటే నడిసముద్రం. ఏటి ఇసుకలో చెలమ తీసి పైనీళ్లు తోడేస్తే అడుగునుంచి చల్లటి నీరు ఊరుతుంది చూశారా, అచ్చం అలాగే సముద్రమూ ఊరుతుంది. మే నెలలో 30 డిగ్రీలకు చేరువైన తీరపు నీరు ఆగస్టుకు 20 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ఆ చల్లదనం తగిలిన తడిగాలే మంచవుతుంది. కురిసేది సన్నటి తుంపరే. అయినా చెట్ల ఆకులు మంచును పట్టి బొట్టుబొట్టుగా వేళ్లకు దించుతాయి. మన అడవుల్లోని చిరుమానుకు చుట్టమైన చెట్టొకటి ఆ వాలుల్లో అడవులుగా పెరుగుతుంది!

ఊరిన నీరు ఉత్త చేతులతో రాదు. ఎన్నేళ్లుగానో అడుగుకు రాలిన జీవుల సారం, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, అందులో కరిగి ఉంటాయి. వాటికి ఎండ తగలగానే కంటికి కనపడని సూక్ష్మ మొక్కలు కోట్లుగా పుట్టి నీలం నీటిని ఆకుపచ్చ చేస్తాయి. చలి సముద్రాల్లో ఉండాల్సిన కెల్ప్ నాచు ఇక్కడి రాళ్లమీద తోటలు వేస్తుంది. కవళ్ల చేపలు గుంపులు కడతాయి. వాటిని ఎండబెట్టి, మేత కరువైనప్పుడు ఒంటెలకూ ఆవులకూ పెడతారు.

ఈ ఊటను నమ్ముకున్నవాటిలో నా మనసు పట్టేసినవి హంప్‌బ్యాక్ తిమింగలాలు. మిగతా సముద్రాల్లో ఈ జాతి మేతకు ధ్రువాల వైపు, కాన్పుకు వెచ్చటి నీళ్లకు వేల కిలోమీటర్లు ఈదుతుంది. అరేబియా సముద్రపువి ఆ సముద్రం దాటి పోవు. 1960లలో సోవియట్ ఓడలు వాటిలో 242ను చంపాయి. ఇప్పుడు ఒమన్ తీరాన వందకు లోపే ఉంటాయని అంచనా. చల్లనీరు పైకొచ్చే ఈ సముద్రంలోనే తిరుగుతూ, ఇక్కడే తిని, ఇక్కడే ఈని, బిడ్డలతో ఇక్కడే ఉండిపోతున్నాయి.