టిప్పర్‌ను గుర్తించే యంత్రదృష్టి: పటాన్‌చెరు – సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వైపు 65వ జాతీయ రహదారి వెంట వెళ్ళేవారికి కర్మాగారాల ద్వారాల కన్నా ముందు కనిపించేవి టిప్పర్లు. లక్డారం పరిసరాల క్వారీలు, క్రషర్ల నుండి కంకర, రాతిపొడి, కొత్త షెడ్ల పునాదుల నుండి తవ్వితీసిన మట్టి వీటిలోనే తరలుతాయి. వీటిని నింపే తవ్వక యంత్రాన్ని జనం పొక్లెయిన్ అంటారు. ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, జేసీబీ పేరు లాగానే, ఇక్కడ జాతివాచకంగా స్థిరపడింది.

ఈ యంత్రాన్ని మనిషి లేకుండా నడపాలన్న ప్రయత్నాలలో తవ్వడం ఎంత క్లిష్టమో, తవ్విన దానిని టిప్పర్ తొట్టిలో పోయడమూ అంత క్లిష్టమే. వచ్చే ప్రతి టిప్పరూ కొత్త చోట, కొత్త కోణంలో నిలుస్తుంది. వెనుకకు వస్తున్న బండిని క్లీనర్ ‘రానీ, రానీ’ అంటూ చేతితో పిలుస్తాడు. ఆపరేటర్ హారన్ మోగించగానే డ్రైవర్ బ్రేకు వేస్తాడు. ఆ క్షణంలో ఆపరేటర్ మూడు విషయాలను గ్రహిస్తాడు: తొట్టి ఎక్కడ ఉంది, ఎటు తిరిగి ఉంది, లోపల ఖాళీ ఎక్కడ ఉంది. ఎన్నడూ మాటలలో చెప్పని ఈ గ్రహింపును యంత్రానికి అంకెలలో అందించవలసి ఉంటుంది. తొట్టి కోణాన్ని అంచనా వేయడంలో 3 డిగ్రీలు తప్పితే, 5 మీటర్ల తొట్టి చివర బకెట్ దాదాపు 26 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రాయి తొట్టి అంచున పడి బయటకు దొర్లడానికి ఆ మాత్రం చాలు.

2. లోతు కాదు, దూరం

‘డెప్త్ సెన్సర్’ను ‘లోతు సంవేదకం’ అని అనువదిస్తే పాఠకుడు పొరబడే అవకాశం ఉంది. బావి లోతు, చెరువు లోతు అన్నప్పుడు తెలుగులో చూపు కిందికి పోతుంది. ఈ పరికరం కొలిచేది తన ఎదుట ఉన్న ఒక్కొక్క బిందువుకూ తనకూ మధ్య గల దూరాన్ని. అందుచేత ఇక్కడ ‘దూరమాపక సంవేదకం’ అన్న మాటను స్వీకరించడమైంది.

దూరాన్ని కొలిచే పద్ధతులలో మొదటిది మన రెండు కళ్ళ వంటిది. పక్కపక్కన అమర్చిన రెండు కెమెరాలలో ఒకే బిందువు కాస్త వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి దూరం తెలుస్తుంది. అయితే దూరం రెట్టింపైతే దోషం నాలుగింతలవుతుంది. 5 మీటర్ల వద్ద 15 సెంటీమీటర్ల దోషం గల జంట కెమెరా 10 మీటర్ల వద్ద 60 సెంటీమీటర్లు తప్పుతుంది. తెలిసిన వెలుగు నమూనాను ఎదుటి వస్తువుపై పరచి, అది వంగిన తీరును చదవడం మరొక పద్ధతి. 2010లో వీడియో ఆటల కోసం వచ్చిన కినెక్ట్ ఈ సూత్రంపై పనిచేసింది. గదిలో చక్కగా చూసే ఈ పరికరానికి ఎండలో చూపు పోతుంది. క్వారీలో ఎక్కువగా నిలబడగలిగేది లైడార్. ఇది లేజర్ కాంతిని పంపి, అది తిరిగివచ్చే కాలాన్ని కొలుస్తుంది. 10 మీటర్ల దూరం పోయి రావడానికి కాంతికి పట్టేది దాదాపు 67 నానోసెకన్లు.

3. బిందువుల నుండి తొట్టి

లైడార్ ఇచ్చేది చిత్రం కాదు, వేల బిందువుల సమూహం. అందులో ముందుగా నేలకు చెందిన వాటిని తొలగించి, మిగిలిన వాటిలో తొట్టి గోడల వంటి సమతలాలను వెతుకుతారు. ఫిష్లర్, బోల్స్ 1981లో ప్రతిపాదించిన ర్యాన్సాక్ పద్ధతి ఇందుకు నేటికీ ఉపయోగపడుతున్నది. యాదృచ్ఛికంగా కొన్ని బిందువులను తీసుకొని ఒక తలాన్ని ఊహించడం, ఎన్ని బిందువులు ఆ తలంపై ఒదుగుతాయో లెక్కించడం, ఒదగని వాటిని పక్కన పెట్టడం దీని సారం. తరువాత తొట్టి నమూనాను ఆ బిందువులపై సరిపోల్చి స్థానాన్నీ కోణాన్నీ సవరిస్తారు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1998లో ప్రకటించిన యంత్రం ఈ మార్గంలో తొలి మైలురాళ్ళలో ఒకటి. 25 టన్నుల తవ్వక యంత్రానికి బూమ్ ఇరువైపులా రెండు లేజర్ సంవేదకాలను అమర్చారు. అది ట్రక్కును గుర్తించి, దాదాపు నిపుణుడైన ఆపరేటర్ వేగంతోనే నింపగలిగింది. 2021లో బైదు సంస్థ పరిశోధకులు తమ యంత్రం మనిషి జోక్యం లేకుండా 24 గంటలకు పైగా పనిచేసిందని ‘సైన్స్ రోబోటిక్స్’ పత్రికలో నివేదించారు.

ఇక్కడి పరిస్థితి అంత సులువు కాదు. కార్ఖానా నుండి ఒకే కొలతతో వచ్చిన తొట్టికి యజమానులు పైన చెక్కలో రేకులో బిగించి గోడ ఎత్తు పెంచుతారు. అంచున చుట్టిపెట్టిన టార్పాలిన్, సొట్టపోయిన వెనుక డోరు అదనం. పుస్తకంలోని నమూనా తొట్టి ఈ తొట్టితో సరిపోదు. కనుక కొలతలను ముందే ఇవ్వకుండా, వచ్చిన బండి గోడలను అప్పటికప్పుడే కొలిచే విధానం ఇక్కడ మేలు. క్రషర్ దుమ్ము మరొక చిక్కు. కాంతి ముందుగా ధూళికణాలకు తగిలి తిరిగిరావడంతో, తొట్టి ముందు లేని గోడ ఉన్నట్లు తోస్తుంది. ఒకే కిరణానికి వచ్చే పలు ప్రతిధ్వనులలో చివరి దానిని గ్రహించే లైడార్లు ఈ భ్రమను కొంత తగ్గిస్తాయి. దుమ్ము దట్టమైతే అవీ ఆగిపోవలసిందే. ఇటువంటి వాతావరణ పరీక్షలకు దూరం పోనక్కరలేదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 2022 జూలై 4న ప్రారంభమైన తిహాన్ పరీక్షాక్షేత్రం చాలకరహిత వాహనాల కోసం ఉద్దేశించినది. అందులో కృత్రిమ వర్షం కురిపించే ఏర్పాటు కూడా ఉంది. రాతిధూళికీ అటువంటి ఏర్పాటు ఉంటే లోడింగ్ యంత్రాల పరిశోధనకు అది ఎంతో ఉపకరిస్తుంది.

4. పక్కన పెట్టిన బిందువులు

గణనపద్ధతి దృష్టిలో తొట్టి గోడపై ఒదగని బిందువు దోషం. ఆ బిందువు దుమ్ము కావచ్చు, టార్పాలిన్ మడత కావచ్చు, వెనుక డోరు గొళ్ళెం సరిచేస్తున్న క్లీనర్ భుజం కూడా కావచ్చు. టిప్పర్‌ను మరింత కచ్చితంగా గుర్తించాలని పక్కన పెట్టే బిందువులలోనే మనిషి ఉండిపోతాడు. సెంటీమీటర్ల కచ్చితత్వాన్ని ప్రకటించే పరిశోధనలను చదివేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: మిగిలిన బిందువులను ఏం చేశారు? తొట్టి దొరికిన తరువాత వాటిని రెండవసారి వెదకి, బూమ్ తిరిగే వలయంలో మనిషి ఎత్తున్న ఆకారం ఉన్నంతసేపు యంత్రాన్ని కదలనీయకపోవడం సాంకేతికంగా అసాధ్యం కాదు. బండికి కొన్ని క్షణాల ఆలస్యమే దాని ఖరీదు. అయితే బూమ్‌పై ఉన్న సంవేదకానికి టిప్పర్ అవతలి పక్క కనిపించదు. అక్కడ నిలిచిన క్లీనర్ కోసం స్తంభంపైనో, బండిపైనో మరొక సంవేదకం కావాలి. అనుభవం గల ఆపరేటర్‌కు కూడా ఆ అవతలి పక్క కనిపించదు. అందుకే అతడు మొదటి బకెట్ ఎత్తే ముందు, క్లీనర్ బండి వెనుక నుండి వచ్చి తన ఎదుట నిలబడే దాకా ఆగుతాడు.