సగం ఆట – పూర్తి అంచనా

రాబోయే దానిని ముందుగా తెలుసుకోవాలనే ఆసక్తి మానవునికి సహజం. తొలకరి జల్లులను చూసి కర్షకుడు పంటను ఊహిస్తాడు. మొదటి నెల అమ్మకాలను చూసి వర్తకుడు ఏడాది లాభాన్ని లెక్కిస్తాడు. తెలిసిన కొద్దిపాటి విషయం ఆధారంగా తెలియని మిగిలిన భాగాన్ని లెక్కగట్టడమే అంచనా. అంచనాకు గల బలాన్ని, బలహీనతను స్పష్టంగా చూపగల రంగాలలో క్రీడారంగం ఒకటి. అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీలు ఇందుకు చక్కని ఉదాహరణ.

అమెరికన్ ఫుట్‌బాల్ భారతదేశంలో ఆడే ఫుట్‌బాల్ వంటిది కాదు. ఇందులో బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చు, తోటి ఆటగానికి విసరవచ్చు. ప్రతి జట్టు పక్షాన పదకొండుగురు మైదానంలో నిలుస్తారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగిన జట్టుకు మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. అందువల్ల ఈ ఆటలో ప్రతిభకు కొలమానం గజమే. బంతితో పరుగెత్తడం ప్రధాన బాధ్యతగా గల ఆటగాణ్ణి ‘రన్నింగ్ బ్యాక్’ అంటారు. ఆగస్టు చివరలో ఆరంభమయ్యే సీజన్‌లో ఒక్కొక్క జట్టు సాధారణంగా 12 ఆటలు ఆడుతుంది. ఆ తరువాతి పోటీలు అర్హత సాధించిన జట్లకు మాత్రమే పరిమితం.

అక్టోబరు మధ్య నాటికి సీజన్ సగం పూర్తవుతుంది. ఏ ఆటగాడు సీజన్ చివరికి ఎన్ని గజాలు సాధించగలడనే లెక్కలు అప్పుడే జోరందుకుంటాయి. ఇవి కేవలం కాలక్షేపపు లెక్కలు కావు. ఈ ఆటగాళ్లందరూ విద్యార్థులు. వారికి లభించే పురస్కారాలు, వృత్తి క్రీడాజట్లలో దొరికే స్థానం, 2021 జులై నుండి తమ పేరుప్రఖ్యాతుల ద్వారా ఆర్జించుకొనే వీలు కలిగిన ఆదాయం చాలావరకు ఈ అంకెలతోనే ముడిపడి ఉంటాయి.

అంచనా వేయడానికి అందరికీ తెలిసిన మార్గం త్రైరాశికం. మహావీరాచార్యుని ‘గణితసార సంగ్రహం’ వివరించిన ఈ పద్ధతి, పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెనిగించిన నాటి నుండి తెలుగువారికి సుపరిచితం. ఆరు ఆటలలో ఇన్ని గజాలైతే పన్నెండు ఆటలలో ఎన్ని? ఆరింట భాగించి పన్నెండుతో గుణిస్తే సమాధానం వస్తుంది. ధాన్యం వెల కట్టడానికి ఈ సూత్రం చాలు. ఎందుకంటే మొదటి బస్తాకూ చివరి బస్తాకూ ధర ఒక్కటే. మొదటి ఆటా చివరి ఆటా మాత్రం ఒక్క తీరుగా ఉండవు.

2024వ సంవత్సరంలో బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్టన్ జెంటీ విషయంలో ఇది స్పష్టంగా వెల్లడైంది. అతడు తొలి ఆరు ఆటలలో 1,248 గజాలు పరుగెత్తాడు. అంటే ఆటకు సగటున 208 గజాలు. ఒక సీజన్‌లో అత్యధికంగా 2,628 గజాలు పరుగెత్తిన ఘనత 1988లో ఓక్లహామా స్టేట్ ఆటగాడు బ్యారీ సాండర్స్ సాధించినది. జెంటీ జట్టు తదుపరి పోటీలకు కూడా అర్హత పొంది మొత్తం 14 ఆటలు ఆడింది. త్రైరాశికం ప్రకారం అతడు 14 ఆటలలో 2,912 గజాలు సాధించి, సాండర్స్ రికార్డును సునాయాసంగా అధిగమించాలి.

జరిగినది వేరు. మిగిలిన ఎనిమిది ఆటలలో జెంటీ 1,353 గజాలు మాత్రమే చేయగలిగాడు. సగటు 208 నుండి 169కి తగ్గింది. సీజన్ ముగిసేసరికి అతని మొత్తం 2,601 గజాలు. సాండర్స్ రికార్డుకు 27 గజాల దూరంలో అతడు ఆగిపోయాడు. పైగా సాండర్స్ తన 2,628 గజాలను 11 ఆటలలోనే సాధించాడు. సీజన్ అనంతరం జరిగే బౌల్ ఆటలోని గజాలను ఆ కాలంలో లెక్కలో చేర్చేవారు కారు. కనుక ఇద్దరినీ పోల్చేటప్పుడు కొలత ఒక్కటేనా అని చూడడం కూడా అవసరం.

జెంటీ సగటు ఎందుకు తగ్గింది? మొదటి కారణం గణిత సంబంధమైనది. అసాధారణమైన ఫలితంలో ప్రతిభతో పాటు అదృష్టం పాలు కూడా కొంత ఉంటుంది. ప్రతిభ నిలిచి ఉంటుంది కానీ అదృష్టం అదే పాళ్లలో మరల తోడు రాదు. అందువల్ల చాలా గొప్ప ఫలితం తరువాత వచ్చేది సాధారణంగా సగటుకు కొంత చేరువగా ఉంటుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తును, వారి సంతానం ఎత్తును పోల్చి 1886లో ఈ ధర్మాన్ని వివరించాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల సంతానం సగటున పొడవుగానే ఉన్నా, తల్లిదండ్రులంతటి పొడవు లేదని ఆయన గమనించాడు.

రెండవ కారణం ప్రత్యర్థుల బలం. దిగువ శ్రేణికి చెందిన పోర్ట్‌లండ్ స్టేట్ జట్టుపై జెంటీ 11 సార్లు పరుగెత్తి 127 గజాలు సాధించాడు. చివరి ఆటలో బలమైన పెన్ స్టేట్ జట్టుపై 30 సార్లు పరుగెత్తినా దక్కినవి 104 గజాలే. మూడవ కారణం భారం. తొలి సగంలో ఆటకు 21 సార్లు పరుగెత్తిన అతడు తరువాత ఆటకు 31 సార్లు పరుగెత్తవలసి వచ్చింది. పరుగుకు 9.9 గజాలుగా ఉన్న సగటు 5.5 గజాలకు పడిపోయింది.

ఇట్టి సందర్భాలలో వివేకవంతుడు సగం సీజన్ అంకెలను మాత్రమే నమ్ముకొనడు. వాటికి గత చరిత్రను జోడిస్తాడు. జెంటీ 2023లో 220 సార్లు పరుగెత్తి 1,347 గజాలు సాధించాడు. దీనిని 2024లోని తొలి 126 పరుగులతో కలిపితే పరుగుకు 7.5 గజాల సగటు వస్తుంది. ఆటకు 21 పరుగుల చొప్పున ఎనిమిది ఆటలకు 168 పరుగులు, అంటే 1,260 గజాలు. మొత్తం అంచనా 2,508 గజాలు. త్రైరాశికం 311 గజాలు ఎక్కువ చెప్పగా, ఈ పద్ధతి 93 గజాలు మాత్రమే తక్కువ చెప్పింది.

అయితే ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. ఈ రెండవ అంచనా కూడా పరుగుకు వచ్చే గజాలను ఎక్కువగా, పరుగుల సంఖ్యను తక్కువగా ఊహించింది. రెండు పొరపాట్లు ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకొన్నందువల్ల సమాధానం సత్యానికి దగ్గరగా వచ్చింది. సమాధానం సరిపోయినంత మాత్రాన దాని వెనుక ఉన్న ఊహలన్నీ సరైనవి కావు.

స్వల్ప సమాచారం నుండి ఎంతటి కచ్చితత్వాన్ని ఆశించవచ్చుననే ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం చెప్పినవారిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన సి.ఆర్. రావు అగ్రగణ్యులు. నిష్పాక్షికమైన అంచనా ఎంత నేర్పుతో వేసినా, అందులోని అనిశ్చితి ఒక హద్దుకు దిగువకు రాదని, ఆ హద్దును సమాచారమే నిర్ణయిస్తుందని 1945లో ఆయన నిరూపించారు. కాబట్టి ఆరు ఆటలను చూసి ఒకే ఒక సంఖ్యను ప్రకటించడం కంటె, ఈ సంఖ్యకూ ఆ సంఖ్యకూ మధ్య ఉండవచ్చునని చెప్పడమే శాస్త్రసమ్మతం.

ఏ లెక్కకూ అందని సంఘటనలు కూడా ఉంటాయి. దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయపు ఆటగాడు మార్కస్ లాటిమోర్ 2011లో ఏడు ఆటలలో 818 గజాలు సాధించాడు. ఆ వేగంతో 12 ఆటలకు 1,402 గజాలు కావలసింది. కానీ ఏడవ ఆటలోనే మోకాలికి తీవ్రమైన గాయమై అతని సీజన్ ముగిసింది. మరుసటి ఏడు అక్టోబరులో మరల గాయపడిన అతడు, 2013లో వృత్తి క్రీడాజట్టుకు ఎంపికైనా ఒక్క ఆటయినా ఆడకుండానే 2014లో విరమించుకొన్నాడు. రికార్డు చేజారిన జెంటీని 2025లో లాస్ వెగాస్ వృత్తి జట్టు ఆరవ స్థానంలో ఎంపిక చేసుకొంది. ఇద్దరి జీవితాలూ సగం సీజన్ అంకెలు సూచించిన దారిలో నడవలేదు.

అంచనా అవసరమే. అది లేనిదే ప్రణాళిక లేదు. కానీ అది తీర్పు కాదు. కొత్త ఆట జరిగిన ప్రతిసారీ సవరించుకోవలసిన అభిప్రాయం మాత్రమే. సగం ఆటను చూసి ఆటగాణ్ణి ఆకాశానికెత్తడం గాని, అథఃపాతాళానికి తోయడం గాని తగదు. విద్యార్థి విషయంలోనూ అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు చెప్పగలిగినది ఇంతే.