బండికి పిలుపొచ్చింది.. కబురు మీకందిందా?

* స్టీరింగు లోపాలతో కార్లను వెనక్కి పిలుస్తున్న కంపెనీలు
* మొదటి యజమాని చిరునామాకే సమాచారం
* రాష్ట్రం దాటి చేతులు మారిన బండ్లతోనే చిక్కు

ఆదోనిలో కొన్న కారు రెండేళ్లకు బళ్లారి చేరుతుంది. కుప్పం బండి హోసూరులో తిరుగుతుంది. ఇచ్ఛాపురంలో వాడిన వ్యాను బరంపురం వాళ్ల ఇంటి ముందు ఉంటుంది. యానాం పీవై నంబరు ప్లేట్లు కాకినాడ, అమలాపురం రోడ్లపై కనిపించడం కొత్తేమీ కాదు. సరిహద్దు ఊళ్లలో పెళ్లి సంబంధాలు రాష్ట్రం దాటినట్టే బండ్లూ దాటుతుంటాయి. బండి అయితే వచ్చేసింది. మరి దాని చిరునామా మారిందా?

మామూలు రోజుల్లో ఈ సంగతి ఎవరికీ పట్టదు. ‘మీ బండిలో లోపం ఉండొచ్చు, తెస్తే ఉచితంగా బాగుచేస్తాం’ అని కంపెనీ కబురు పెట్టిన రోజునే దాని విలువ తెలుస్తుంది. ఆ లోపం ఏ అద్దానిదో, ఏ లైటుదో అయితే సర్దుకుపోవచ్చు. స్టీరింగుది అయితే అది బండిలో ఉన్న వాళ్లందరి ప్రాణాలతో ముడిపడిన వ్యవహారం.

87,599 బండ్లు వెనక్కి

2023 జులైలో మారుతీ సుజుకీ 87,599 ఎస్‌-ప్రెసో, ఈకో వాహనాలను తనిఖీకి వెనక్కి పిలిచింది. 2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవివి. స్టీరింగు టై రాడ్‌లోని ఓ భాగంలో లోపం ఉండే అవకాశం ఉందని, అరుదుగా అది విరిగి బండి అదుపు దెబ్బతినొచ్చని కంపెనీయే ప్రకటించింది. తనిఖీకి, లోపం ఉంటే ఆ భాగం మార్చడానికి పైసా తీసుకోబోమని చెప్పింది.

ఈకో ఎవరి బండో సరిహద్దు ఊళ్ల వాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దున బడి పిల్లలు, మధ్యాహ్నం కిరాణా సరుకు, ముహూర్తాల రోజుల్లో పెళ్లివారు.. అన్నిటికీ అదే. కొన్నిచోట్ల అంబులెన్సూ అదే. ఒక బండిలో లోపం అంటే ఒక మనిషికి ముప్పు అని లెక్క వేయడానికి వీల్లేదు.

ఏడాది తిరిగాక 2024 ఆగస్టులో అదే కంపెనీ 2,555 ఆల్టో కె10 కార్లను పిలిచింది. ఈసారి అనుమానం స్టీరింగు గేర్‌బాక్సుపైన. సంఖ్య చిన్నదే కానీ హెచ్చరిక మాత్రం గట్టిది. ఆ భాగం మార్చేదాకా బండి నడపొద్దని యజమానులకు సూచించారు.

చేతిలో చక్రం తిరిగినా..

స్టీరింగు తిప్పితే చక్రాలు వాటంతట అవి తిరగవు. స్టీరింగు కింద కడ్డీ, దాని చివర పళ్ల చక్రం ఉంటాయి. ఆ చక్రం తిరిగితే ‘ర్యాక్‌’ అనే పళ్ల పట్టీ కుడికో ఎడమకో జరుగుతుంది. ర్యాక్‌ రెండు చివర్లా ఉండే ఇనుప కడ్డీలే టై రాడ్లు. ముందు చక్రాలను తోసేవి, లాగేవి అవే.

అందులో ఒకటి విరిగిందనుకుందాం. చేతిలో స్టీరింగు తిరుగుతూనే ఉంటుంది. ఆ వైపు చక్రం మాత్రం మాట వినదు. తోచినట్టు పక్కకు తిరిగిపోవచ్చు. అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా చేయగలిగింది తక్కువ.

‘బండి బాగానే పోతాంది గదా, ఇప్పుడెందుకు ఇప్పేది?’ అనుకోవడం సహజమే. టై రాడ్‌ అరిగిపోతే స్టీరింగులో ప్లే ఎక్కువవడం, గుంతల్లో టక్‌టక్‌మనే శబ్దం, బండి ఒక పక్కకు లాగడం, టైరు ఒకవైపే అరగడం లాంటి సూచనలు కనిపిస్తాయి. తయారీలోనే లోపం ఉన్న భాగం మాత్రం అలా ముందే చెప్పి విరుగుతుందన్న హామీ లేదు. అందుకే కంపెనీలు అనుమానం ఉన్న బండ్లన్నిటినీ కట్టగట్టి పిలిపిస్తాయి.

బిడది, చెన్నై బండ్లూ వచ్చినవే

రీకాల్‌ అనగానే ఆ కంపెనీ బండి పనికిరాదని బెదిరిపోనక్కర్లేదు. పేరున్న కంపెనీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు చేసినవే. బెంగళూరు పక్కన బిడదిలో తయారైన ఇన్నోవాలనే తీసుకుంటే, టయోటా 2014 ఏప్రిల్‌లో 44,989 బండ్లను వెనక్కి పిలిచింది. 2005 ఫిబ్రవరి నుంచి 2008 డిసెంబరు మధ్య తయారైన వాటిలో స్టీరింగు లోపలి స్పైరల్‌ కేబుల్‌ మార్చడం కోసం. అది తెగితే ప్రమాద సమయంలో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్‌ తెరుచుకోకపోవచ్చు. అంతకు ముందు 2013లో ఫోర్డ్‌ 1,66,021 ఫిగో, క్లాసిక్‌ కార్లను పిలిచింది. పవర్‌ స్టీరింగు గొట్టాలు, వెనక ఇరుసు భాగం చూడటానికి. అవి చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో తయారైన కార్లు.

ఇన్నోవా సంగతిలో ఇంకో విషయం గమనించాలి. బండి తయారైన అయిదు నుంచి తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన పిలుపది. అన్నేళ్లలో ఒక ట్యాక్సీ ఎన్ని చేతులు మారుతుందో, ఎన్ని రాష్ట్రాలు చూస్తుందో ఊహించుకోవచ్చు.

ఉత్తరం ఎవరింటికి?

లోపం బయటపడ్డాక కంపెనీ డీలర్ల ద్వారా యజమానులకు ఫోను చేయిస్తుంది, సందేశం పంపిస్తుంది. వాళ్ల దగ్గర ఉండేది బండి కొత్తగా కొన్న మనిషి పేరు, నంబరు. ఆయన ఎప్పుడో అమ్మేసి ఉంటాడు. ‘ఆ బండి ఇప్పుడు నా దగ్గర లేదండీ’ అని ఫోను పెట్టేస్తే కథ అక్కడితో సరి. రెండో యజమాని తెలిసిన మెకానిక్‌ షెడ్డులోనే పని చేయించుకుంటుంటే షోరూం కంప్యూటర్లో ఆయన పేరే ఉండదు.

ఆర్సీ మార్చుకోకపోవడం ఈ చిక్కును రెట్టింపు చేస్తోంది. సంతకం పెట్టిన ఫారాలు జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఎందరో. పొరుగు రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ తేవాలి, అక్కడ పన్ను కట్టాలి అని బద్ధకం. చట్టం ప్రకారం బండి కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. పన్ను మిగిలిందని సంబరపడే చోట ప్రాణం మీదికి వచ్చే కబురు తప్పిపోతోంది.

చట్టం ఏమంటోంది?

2012 జులై నుంచి దేశంలో కార్ల కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న నియమావళి ప్రకారం రీకాల్‌ చేసేవి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షను చేర్చారు. డ్రైవరుకు, ప్రయాణికులకు, రోడ్డుపై వెళ్లే ఇతరులకు హాని చేసే లోపం ఉంటే బండ్లను వెనక్కి తీసుకోవాలని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు దాటని వాహనాలకు ఇవి వర్తిస్తాయి. తప్పనిసరి రీకాల్‌ అయితే కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి దాకా జరిమానా పడొచ్చు. లోపాన్ని తానే గుర్తించి ముందుకొచ్చిన కంపెనీకి జరిమానా ఉండదు.

ఇలా చూసుకోండి

* ఆర్సీలో ఛాసిస్‌ నంబరు ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 17. బండి మీద కూడా చెక్కి ఉంటుంది. రెండూ ఒకటేనో కాదో సరిచూసుకోవాలి.
* కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే మీ బండి రీకాల్‌లో ఉందో లేదో తెలుస్తుంది. అది రానివాళ్లు ఆర్సీ పట్టుకుని దగ్గర్లోని అధీకృత సర్వీసు సెంటరుకు వెళ్లి అడగొచ్చు.
* రీకాల్‌ బండికి, మనిషికి కాదు. మీరు ఎన్నో యజమాని అయినా, బండి ఏ రాష్ట్రం నంబరుదైనా అడిగే హక్కుంది. రీకాల్‌ పనికి డబ్బు కట్టనక్కర్లేదు.
* భాగం మార్చాక రీకాల్‌ పని పూర్తయినట్టు కాగితం తీసుకుని ఆర్సీతో పాటు దాచుకోవాలి. రేపు బండి అమ్మేటప్పుడూ పనికొస్తుంది.
* డబ్బు అడిగినా, తిప్పించుకున్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోను చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.
* పాత బండి కొనేముందు ఇంజిను శబ్దం, టైర్లు చూసినట్టే రీకాల్‌ పెండింగు ఉందేమో కూడా చూడాలి.
* బండి అమ్మేసినవాళ్లకు షోరూం నుంచి ఫోను వస్తే ‘నాది కాదు’ అని వదిలేయొద్దు. కొన్నవారి నంబరు ఇవ్వండి.

పిల్లలను బడికి పంపే వ్యాను రీకాల్‌లో ఉందేమో డ్రైవరన్నను ఒకసారి అడిగితే తప్పులేదు. ఛాసిస్‌ నంబరు చూడటానికి పట్టేది అయిదు నిమిషాలే.