జన్యు పటాల సాఫ్ట్‌వేర్: పటం పొడవు అకారణంగా పెరిగినప్పుడు

క్రోమోజోముపై రెండు మార్కర్ల మధ్య దూరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నేరుగా కొలవదు. పునస్సంయోజనం పొందిన మొక్కల నిష్పత్తిని అంచనా వేసి, దానిని సెంటీమోర్గాన్లలోకి మారుస్తుంది. ఇందుకు హాల్డేన్ 1919లో ఇచ్చిన సూత్రమో, మన దేశపు గణితవేత్త డి.డి. కోశాంబి 1944లో ప్రచురించిన సూత్రమో సాధారణంగా వాడుతారు. ఒక వినిమయం తన సమీపంలో మరొకదానిని నిరోధించే ధోరణిని కోశాంబి సూత్రం లెక్కలోకి తీసుకుంటుంది. నిష్పత్తి 0.20 అయితే దూరం హాల్డేన్ ప్రకారం 25.5, కోశాంబి ప్రకారం 21.2 సెంటీమోర్గాన్లు. కనుక సూత్రం పేర్కొనని పటాలను పోల్చడం వ్యర్థం.

1987 నాటి మ్యాప్‌మేకర్ మొదలు జాయిన్‌మ్యాప్, ఆర్/క్యూటీఎల్ వరకు అన్నీ మార్కర్లను సహలగ్న సమూహాలుగా విభజించి, వాటి వరుసను నిర్ణయిస్తాయి. లాడ్ విలువ 3 అంటే, సహలగ్నత లేదనుకున్నప్పటికంటే ఉన్నదనుకున్నప్పుడు ఆ దత్తాంశం లభించే సంభావ్యత 1000 రెట్లు అధికం.

అసలు చిక్కు దత్తాంశంలోనే ఉంది. 100 మొక్కల పశ్చసంకర సంతతిలో, దగ్గర దగ్గరగా ఉన్న మార్కర్ల నడుమ ఒక మార్కరు ఒక్క మొక్కలో తప్పుగా నమోదైనదనుకుందాం. దానికి ఇరువైపులా ఒక్కొక్క వినిమయం జరిగినట్లు సాఫ్ట్‌వేర్ భావిస్తుంది; పటం దాదాపు 2 సెంటీమోర్గాన్లు సాగుతుంది. అటువంటి 50 తప్పులు చెల్లాచెదురుగా ఉంటే పెరుగుదల దాదాపు 100 సెంటీమోర్గాన్లు! మార్కర్లు పెంచేకొద్దీ పటం మెరుగుపడుతుందన్న విద్యార్థుల నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. అతిసమీపంలో జంట వినిమయాలు కనిపించిన మొక్కలను గుర్తించి, మార్కరును తొలగించే ముందు వాటి మూల జన్యురూప ఫలితాలను మళ్లీ పరిశీలించాలి.