ఇంట్లోంచే మొదలుపెట్టిన ఇల్లాలు

2010 జనవరిలో సూర్యగ్రహణం వచ్చేనాటికి నాకు ఐదో నెల. మా అత్తగారు నన్ను గదిలో పడుకోబెట్టి, "కదలకమ్మా, బిడ్డకి మొర్రి వస్తుంది" అంటూ తలుపులు, కిటికీలు మూసేశారు. డిగ్రీ చదివినదాన్నే, అయినా కిక్కురుమనలేదు. ఈ భయం ఇంకా ఎక్కువగా ఉన్న రోజుల్లోనే, కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగిన ఇల్లాలు సరస్వతీ గోరా. ఆ సంగతి తర్వాతెప్పుడో చదివి సిగ్గుపడ్డాను.

1912లో విజయనగరంలో పుట్టిన ఆవిడకి పదేళ్ళకే పెళ్ళయింది. భర్త గోపరాజు రామచంద్రరావు, అంటే గోరాగారు, జంధ్యం వద్దన్నందుకు అత్తవారిల్లే వదలాల్సి వచ్చింది. దేవుడు లేడన్నందుకు మచిలీపట్నం హిందూ కాలేజీలో ఆయన ఉద్యోగమూ పోయింది. 1940లో పిల్లలతో మన ఉయ్యూరు దగ్గరి ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టారు. పెద్దవాళ్ళకి చదువు చెప్పడం, అన్ని కులాలవాళ్ళనీ ఒకే బంతిలో కూర్చోబెట్టడం అక్కడి పని. ఉపన్యాసం ఎవరైనా ఇస్తారు. నలుగురూ వచ్చి తినే ఇల్లు నడపడమంటే ఏమిటో మాత్రం ఆడవాళ్ళకే తెలుసు!

క్విట్ ఇండియా ఉద్యమంలో చంటిపిల్లాణ్ణి వెంటబెట్టుకుని జైలుకెళ్ళారామె. ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని, ప్రపంచయుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడికి సమరం అని పేర్లు. అవును, మనమంతా పత్రికల్లో చదివిన డాక్టర్ సమరంగారే! 1948లో పెద్దమ్మాయి మనోరమని దళిత యువకుడు అర్జునరావుకిచ్చి సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. కులం లేదని ఊరికి చెప్పడం వేరు, పిల్లనివ్వడం వేరు కదా.

1975లో గోరాగారు పోయాక కేంద్రం భారం ఆవిడే మోశారు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు ఆ కేంద్రం మనుషులే శవాలు తీయడానికి దిగారు. కూతురు చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకెళ్ళారు. 2006లో, తొంభై మూడేళ్ళ వయసులో సరస్వతిగారు కన్నుమూశారు.

ఆవిడ నమ్మకాలన్నీ మనకి నచ్చాలని లేదు. నేనూ దీపం పెట్టుకునేదాన్నే. కానీ హక్కులనేవి మన ఇంట్లో మొదలుకాకపోతే వీధిలో ఎంత అరిచినా లాభంలేదని ఆవిడ బతుకే చెబుతోంది.

2019 డిసెంబరులో మళ్ళీ గ్రహణం. ఆనాడు కడుపులో ఉన్న పిల్ల గ్రహణం కళ్ళద్దాలు పట్టుకుని డాబా ఎక్కుతానంది. అత్తగారు నావైపు చూశారు. "వెళ్ళనివ్వండత్తయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటకి నాకు దాదాపు పదేళ్ళు పట్టింది. మరి మీకో?